పది దినాలు ఎండకు పోకూడదంట

ఈ పత్రికలో ఇట్లాంటి విషయం మీద రాస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. 1996 నవంబరులో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు, వాటిని వ్యతిరేకిస్తూ రాయచోటి బస్టాండు దగ్గర అట్టముక్కలు పట్టుకుని నిలబడిన పది పన్నెండు మంది ఆడవాళ్లలో నేనొకదాన్ని. ‘స్త్రీ శరీరం సరుకు కాదు’ అని నా అట్టముక్క మీద నేనే ఎర్ర రంగుతో రాసుకున్నాను. బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు మా వైపు చూసి, మీరు ఏ పార్టీ వాళ్లమ్మా అని అడిగారు. అట్లాంటి నేను యాభై ఆరేళ్ల వయసులో, ఒక ఆదివారం రాత్రి, వంటిల్లు సర్దేసి, తలుపు గడియ పెట్టుకుని, ముఖానికి ఆమ్లం పూసుకుని గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను.

ఎందుకు పూసుకున్నానో, పూసుకున్నాక ఏమయిందో చెబుతాను. నవ్వుకునే మిత్రులు నవ్వుకోవచ్చు. నాకూ కొంత నవ్వే వచ్చింది.

మా సంఘం ఆఫీసులోనే కుట్టు నేర్పే క్లాసు ఒకటి నడుస్తుంది. దానికి వచ్చే ఒక అమ్మాయికి పందొమ్మిదేళ్లు. పేరు చెప్పను. తల్లి కువైట్‌లో ఇంటిపనిలో ఉంది. రాయచోటి సంగతి తెలిసినవాళ్లకు ఈ ఒక్క వాక్యం చాలు. సంబేపల్లె, గాలివీడు, చిన్నమండెం, లక్కిరెడ్డిపల్లె, ఎటు పోయినా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లు తగులుతుంది. బోరు ఎండిపోయి, శెనక్కాయ పంట చేతికి రాక, బిడ్డ పెళ్లి ఈడుకు వచ్చేసరికి ఆ ఇంటి నుంచి ఎవరో ఒకరు, చాలాసార్లు ఆడమనిషే, విమానం ఎక్కుతుంది. ఊరికి వచ్చేవాళ్ల చేత ఇంటికి పెట్టె పంపుతుంది. పాలపొడి, సబ్బులు, సెంటు సీసాలు, మెత్తటి దుప్పటి. రెండేళ్ల కిందట ఈ పిల్లకు వచ్చిన పెట్టెలో అరచేతిలో ఇమిడేంత తెల్ల డబ్బా కూడా ఒకటి ఉంది. ‘రాత్రిపూట పూసుకో పాపా, వారానికి తెల్లగైతావు’ అని తల్లి ఫోనులో చెప్పిందట.

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. ఆ తల్లికీ కూతురు ముద్దే. ముద్దు కనుకే డబ్బా పంపింది.

వారానికి నిజంగానే తెల్లబడింది. ఎర్రగా బుర్రగా అయినావే అని వీధిలో వాళ్లంతా మెచ్చుకున్నారు. మన భాష చూడండి, ఎరుపు అంటే అందమని అందులోనే ఉంది. మూడు నెలలకు డబ్బా అయిపోయింది. రెండోది రావడం ఆలస్యమైంది. పూయడం మానిన నాలుగైదు రోజులకు ముఖం కందిపోయి, పొయ్యి దగ్గర కూర్చోలేనంత మంట పుట్టింది. రెండో డబ్బా వచ్చింది, పూసింది, మంట తగ్గింది. ఇట్లా ఏడాదిన్నర గడిచింది. ఇప్పుడు బుగ్గల మీద చర్మం ఉల్లిపొర మాదిరి పలచబడి, లోపలి నరాలు సన్నటి ఎర్రదారాల్లా కనబడుతున్నాయి. గడ్డం మీద నూగు వచ్చింది. క్లాసులో ఫ్యాను కింద కూడా చున్నీ ముఖానికి చుట్టుకుని కుడుతుంటే అనుమానం వచ్చి అడిగాను.

కడపలో ఒక చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకుపోయాను. గువ్వలచెరువు దగ్గర బస్సు ఆగితే పాలకోవా కొనిపెడతానన్నాను, వద్దంది. కిటికీలో నుంచి ఎండ పడుతుందని నడిచే దారి పక్కకు జరిగి కూర్చుంది. డాక్టరమ్మ డబ్బా చేతికి తీసుకోకముందే, ముఖం చూసి, ఇది స్టెరాయిడ్ పూత పని అంది. ఇట్లాంటి ముఖాలు తనకు కొత్త కాదట.

కొన్ని చర్మవ్యాధులకు వైద్యుడు రాసిస్తే కొద్దిరోజులు వాడవలసిన మందులు ఇవి. బెటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ లాంటివి. పూయగానే చర్మం లేత రంగుకు తిరుగుతుంది, ఆ ఒక్క గుణం పట్టుకుని వీటిని తెల్లబడే క్రీములుగా ముఖాలకు ఎక్కించారు. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి మొత్తుకున్నాక 2018లో కేంద్ర ప్రభుత్వం ఇట్లాంటి 14 పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలోకి చేర్చింది. చీటీ అడిగే దుకాణం మీ ఊళ్లో ఎక్కడుందో మీకు తెలిస్తే సంతోషం.

స్టెరాయిడ్ కాకపోతే పాదరసం. చర్మంలో నల్లరంగును తయారుచేసే పనిని పాదరసం అడ్డుకుంటుంది, అందుకే ఈ డబ్బాల్లోకి వచ్చింది. చర్మంలో ఆగదు, రక్తంలోకి దిగి మూత్రపిండాలను పట్టుకుంటుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ వైద్యులకు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే జబ్బుతో 22 మంది తగిలారు. వాళ్లలో 15 మందిలో అరుదైన రకం కనబడింది. ఆరా తీస్తే ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు పూసుకున్నవాళ్లు. కాళ్లు వాచి, మూత్రంలో నురగ వచ్చి ఆస్పత్రికి పోయినవాళ్లు తమ ముఖానికి రాసుకున్నదాన్ని ఎందుకు అనుమానిస్తారు?

మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం ముఖానికి పూసే క్రీములో పాదరసం కావాలని కలపకూడదు. పొరపాటున కలిసినా పది లక్షల భాగాల్లో ఒక భాగం మించకూడదు. పాదరసం మీద జరిగిన మినమాటా ఒప్పందంలో భారతదేశం కూడా ఉంది. కాగితం మీద మనకు ఏ లోటూ లేదు.

ఇక నా సంగతికి వస్తాను. కడప నుంచి తిరిగివచ్చిన వారానికి ఆ పిల్లను కూర్చోబెట్టుకుని మనం మామూలుగా చెప్పే మాటలన్నీ చెప్పాను. రంగులో ఏముంది తల్లీ, ఇదంతా కంపెనీల వ్యాపారం, పితృస్వామ్యం ఆడదాన్ని చర్మంతో కొలుస్తుంది, అసలు అందం మనిషి లోపల ఉంటుంది, ఇట్లా. ముప్పై ఏళ్లుగా చెబుతున్న మాటలు కాబట్టి నోటికి తడుముకునే పని లేదు. అంతా విని ఆమె ఇట్లా అంది:

‘మీరు చెప్పేది బాగానే ఉండాది పెద్దమ్మా. చూసేదానికి వచ్చినోళ్లు లోపలికి చూస్తారా? పోయిన సంవత్సరం వచ్చినోళ్లు నా కుట్టు చూళ్లేదు, నా ఇంటరు మార్కులు అడగలేదు. పిల్ల నల్లంగా ఉండాది, ఇంకో మూడు తులాలు పెట్టండి అన్నారు. మూడు తులాలంటే మాయమ్మకు ఇంకో రెండేండ్లు కువైటు. ఆ డబ్బా రేటు ఎంతని? నేను తెల్లగైతే మాయమ్మ తొందరగా వచ్చేస్తాది గదా.’

నా దగ్గర జవాబు లేదు. ఆమె అమాయకురాలు, ప్రకటనలు చూసి మోసపోయింది అని నేను అనుకున్నాను. ఆమె లెక్క వేసుకుంది. తల్లి ఏళ్లను తన చర్మంతో చెల్లు వేయాలనుకుంది. ఆ లెక్కలో తప్పు పట్టగలిగే స్థితిలో నేను లేను. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచి ఉంది కదా అనబోయి ఊరుకున్నాను.

చివరకు ఆమే అడిగింది. ‘ఇది చెడ్డదంటారు, సరే. మంచిది ఏదో చెప్పండి మరి. మా ఫ్రెండు బెంగుళూరులో పనిచేస్తాది, పీల్ అని ఒకటి ఇంట్లోనే పూసుకోవచ్చంట, మెల్లగా పనిచేస్తాదంట. మీరు చదువుకున్నోళ్లు గదా, ఒక తూరి పూసుకుని చూసి చెప్పండి.’

అదీ కారణం. అదొక్కటే కారణమని అంటే అబద్ధం. రెండో కాన్పు తర్వాత నా బుగ్గల మీద మంగు వచ్చింది, పాతికేళ్లుగా ఉంది. ఎండల్లో తిరగడంతో ముదిరింది. సభల్లో ఫొటో తీసేటప్పుడు నేను ఎప్పుడూ ఎడమవైపు తిరిగి నిలబడతానని ఒక మిత్రురాలు ఈ మధ్య కనిపెట్టి చెప్పింది. నేను గమనించుకోలేదు.

మా అక్క కూతురు హైదరాబాదులో ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమెను అడిగితే మొదట నవ్వి, తర్వాత శ్రద్ధగా చెప్పింది. పీల్ అంటే ఒలవడం. మా ఊళ్లలో ‘తోలు ఒలుస్తా’ అనేది తిట్టు. ఇప్పుడు డబ్బిచ్చి ఒలిపించుకుంటున్నాం. మన చర్మం పై పొర దాదాపు నాలుగు వారాలకొకసారి తనంతట తానే రాలి కొత్తది వస్తుంటుంది. చచ్చిన కణాలు ఒకదానికొకటి అంటుకుని కొన్నాళ్లు నిలిచిపోతాయి, దాంతో ముఖం గరుకుగా, మసకగా ఉంటుంది. కొన్ని ఆమ్లాలు ఆ అంటును వదులు చేస్తాయి. చెరుకు నుంచి వచ్చే గ్లైకాలిక్ ఆమ్లం ఒకటి, పుల్లటి పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం ఇంకొకటి. 1970లలో చేప పొలుసుల్లా చర్మం లేచే జబ్బుకు మందుగా వీటి మీద పరిశోధన జరిగింది, తర్వాత అందాల వ్యాపారం అందుకుంది. ఇంట్లో వాడుకునేవాటిలో ఆమ్లం పది శాతం దాటకూడదని, పీహెచ్ మూడున్నరకు తగ్గకూడదని, ఎండ నుంచి కాపాడుకోవాలని చెప్పాలని 1998లో అమెరికాలోని నిపుణుల సంఘం గీత గీసింది. ఆ గీత దాటిన గాఢమైన పీళ్లను జనం ఇంటికి తెప్పించుకుని ముఖాలు కాల్చుకుంటుంటే, వైద్యుల పర్యవేక్షణ లేకుండా వాటిని వాడవద్దని 2024 జూలైలో అక్కడి ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీచేసింది.

మా అక్క కూతురు ఎంచి పంపింది పది శాతం లాక్టిక్ ఆమ్లం, చిన్న సీసా. ముఖం, యాసిడ్ అనే రెండు మాటలు పక్కపక్కన రాయాలంటే మనలాంటి వాళ్లకు చెయ్యి వణుకుతుంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లల మీద యాసిడ్ పోసినప్పుడు ఊరేగింపులు తీసినవాళ్లం. సీసా మూత తీసేటప్పుడు అది గుర్తు రాకుండా పోలేదు.

మొదట చెవి వెనక చుక్క రాసి రెండు రోజులు చూశాను. దద్దురు లేదు. ఆదివారం రాత్రి ముఖం మామూలు సబ్బుతో కడిగి, పూర్తిగా తడి ఆరనిచ్చి, కళ్ల చుట్టూ, పెదవుల అంచులూ, ముక్కు పక్కలూ వదిలేసి పలచగా పూశాను. చీమలు పాకినట్టు అనిపించింది. ఐదు నిమిషాలని చెప్పింది, నేను భయపడి మూడు నిమిషాలకే కడిగేశాను. కొంచెం కొబ్బరినూనె రాసుకోబోయి, ఆమె చెప్పింది గుర్తొచ్చి వాసన లేని క్రీము రాసుకుని పడుకున్నాను. వారానికొకసారి, అంతే. ఆ మర్నాడు ముఖం మీద ఏమీ ఊడిరాలేదు. పాము కుబుసం విడిచినట్టు విడుస్తుందనుకున్నాను, అట్లాంటిదేమీ లేదు. మూడో వారానికి నుదుటి మీద గరుకు తగ్గింది, చెంపలు చేతికి మెత్తగా తగిలాయి. ఒక సాయంత్రం అద్దంలో చూసుకుని సంతోషపడ్డాను. ఇది దాచను. మన ఉద్యమంలో చాలా ఏళ్లు ఆ సంతోషాన్ని ద్రోహంగా చూశాం. బొట్టు, పూలు, జడ అన్నిటి మీదా పేజీల కొద్దీ వాదించుకున్నాం. కొందరు అక్కచెల్లెళ్లు మా సమావేశాలకు కాటుక తుడుచుకుని వచ్చేవారని తర్వాత తెలిసి బాధపడ్డాను.

రంగు మాత్రం ఇసుమంత మారలేదు. మారదు కూడా. ఉన్న చర్మం నునుపవుతుంది తప్ప పుట్టుకతో వచ్చిన రంగు పోదు. ఆ సంగతి ఏ ప్రకటనా చెప్పదు.

ఇంట్లో పెరుగూ శెనగపిండీ ఉండగా ఈ సీసాలెందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. నేనూ అడిగాను. మా అవ్వ పండుగ రోజు నువ్వులనూనె అంటి సున్నిపిండితో నలుగు పెట్టేది, ఒళ్లంతా ఎర్రబడేదాకా రుద్దేది. పెరుగు కలిపిన పెసరపిండి మెల్లగా తడిపి కడిగేస్తే నష్టం లేదు. కానీ పత్రికల్లో చిట్కాలు చదివి నిమ్మకాయ చెక్క ముఖానికి రుద్దుకునేవాళ్లను చూశాను. నిమ్మరసం పులుపు ముందు నేను పూసుకున్న సీసా ఎంతో సాధువు. నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లమచ్చ పడుతుంది. వంటసోడా ఇంకో రకంగా చెరుపు. ఇంటిదైనంత మాత్రాన మెత్తనిది కాదు. ఇది మన ఆడవాళ్ల జీవితాలకు కూడా వర్తిస్తుందని ఎవరైనా అంటే నేను కాదనను.

నాలుగో వారం దెబ్బ తగిలింది. సీసా మీద అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. ఇది పూసుకున్నాక వారం పది రోజులు నేరుగా ఎండలోకి పోవద్దు, పోవలసి వస్తే సన్‌స్క్రీన్ రాసుకో అని. మొదటి మూడు వారాలూ ఆఫీసు పనే కాబట్టి సరిపోయింది. నాలుగో ఆదివారం రాత్రి పూసుకుని, సోమవారం పొద్దున్నే గాలివీడు వైపు ఉపాధి పనులు జరిగేచోటికి పోవలసి వచ్చింది. మార్చి నెల. పొద్దున సన్‌స్క్రీన్ రాసుకునే బయలుదేరాను. తొమ్మిది గంటలకే చెమటకు కారిపోయింది. మధ్యాహ్నం దాకా గుట్ట పక్కన కందకాల దగ్గర నిలబడి ఆడవాళ్లతో మాట్లాడాను. ఇంటికి వచ్చి చూసుకుంటే కుడిచెంప మండుతోంది. నాలుగు రోజులకు మంగు మచ్చ పక్కన రూపాయి బిళ్లంత కొత్త మచ్చ, పాతదానికన్నా నలుపు. అది రెండు నెలలు ఉంది. మన రంగు చర్మానికి ఏ గాయమైనా, ఏ మంటైనా నల్లమచ్చగానే మిగులుతుందని కడప డాక్టరమ్మ చెప్పింది. తెల్లతోలు వాళ్లకు మెల్లనిది మనకు మెల్లనిది కాకపోవచ్చు.

ఆ రోజు కందకాల దగ్గర ఒకామె నా ముఖం మీద తెల్లటి పూత చూసి ఏందమ్మా అది అని అడిగింది. చెప్పాను. పది దినాలు ఎండకు పోకూడదంటే అందరూ ఒక్కసారిగా నవ్వారు. ‘పది దినాలు ఎండకు పోకుంటే ముఖం ఎందుకమ్మా, కడుపు ఎండి సస్తాం’ అంది ఒకామె.

నేను ఇంటికి వచ్చి లెక్క వేశాను. ముఖానికీ మెడకూ సరిపోయేలా రెండు వేళ్ల పొడుగున, ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి రాయాలంటారు. యాభై గ్రాముల గొట్టం ఆ లెక్కన రెండు వారాలు వస్తుంది. నేను కొన్న గొట్టం ఖరీదు ఒకరోజు ఉపాధి కూలి కన్నా ఎక్కువ. 2025-26లో మన రాష్ట్రంలో ఆ కూలి రోజుకు 307 రూపాయలు. మెల్లగా పనిచేసే పీల్ అనేది నీడ ఉన్నవాళ్ల వస్తువు. నీడలో ఉద్యోగం, నీడలో ప్రయాణం, పగలు ఇంట్లో ఉండగలిగే వెసులుబాటు ఉన్నవాళ్లకు అది మెల్లనిది. మామిడితోటల్లో కాయ ఏరే పిల్లకు, శెనక్కాయ పీకే పిల్లకు, కందకం తవ్వే పిల్లకు అదే సీసా కాలే మందు అవుతుంది. నలుపు ఆ పిల్లలకు చర్మం కట్టిన గొడుగు. దాన్ని ఒలిపించుకోమని చెప్పేవాళ్లు ముందు నీడ చూపించాలి. పనిచేసే చోట తాగేనీళ్లు, పిల్లలకు నీడ, మధ్యలో విశ్రాంతి ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం షెడ్యూలులోనే రాశారు. ఆ సోమవారం నేను పోయినచోట నీడ అంటే ఒక తుమ్మచెట్టు.

ప్రకటనల మీద మన పోరాటం చిన్నది కాదు. 1975లో హిందుస్థాన్ లీవర్ తెచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ ప్రకటనల మీద అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం జాతీయ మానవహక్కుల కమిషన్ దాకా పోయింది, 2003లో ఆ ప్రకటనలు కొన్ని ఆగిపోయాయి. 2020 జూలైలో పేరులో నుంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టారు. అదే ఏడాది మొదట్లో, చర్మం తెల్లబరుస్తామనే ప్రకటనలకు ఐదేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జుర్మానా వేసేలా ఒక బిల్లు ముసాయిదా కూడా కేంద్రం బయటపెట్టింది. వీటిని తక్కువ చేయను. కానీ మనం తెర మీది బొమ్మతో కొట్లాడుతున్నంత సేపూ, ఏ ప్రకటనా అక్కరలేని డబ్బా ఒకటి పెట్టెల్లో పడి, ముద్దులతో సహా ఇంట్లోకి వచ్చేసింది.

కోర్టుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. భార్య తనను నల్లవాడని అవమానిస్తోందని బెంగుళూరుకు చెందిన ఒక భర్త విడాకులు కోరితే, 2023 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు అది క్రూరత్వమేనని ఇచ్చింది. సతారా జిల్లాలో 1995లో చనిపోయిన ఒక స్త్రీని భర్త నల్లగా ఉన్నావని దెప్పిపొడిచేవాడు, ఇంకో పెళ్లి చేసుకుంటానని బెదిరించేవాడు. కింది కోర్టు వేసిన శిక్షను 2025 జూలైలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. అవి సంసారంలో వచ్చే గొడవలేనని, క్రిమినల్ చట్టం కిందికి వచ్చే క్రూరత్వం కాదని అంది. ఒకటి విడాకుల కేసు, ఒకటి నేరం కేసు, రుజువు స్థాయి వేరు, ఇవన్నీ నాకూ తెలుసు. అయినా రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2005 నాటి గృహహింస చట్టం అవమానించడం, ఎగతాళి చేయడం, పేర్లు పెట్టి పిలవడం మాటల హింస అని స్పష్టంగా రాసింది. రంగు మీద దెప్పుళ్లను ఆ చట్టం కింద ఫిర్యాదులో రాయించే అలవాటు మన కౌన్సెలింగు కేంద్రాల్లో ఉందా? మా దగ్గర లేదు. ‘ఇంకేమైనా చెప్పమ్మా, కొట్టాడా’ అని అడుగుతాం.

ఉదయపూర్ జిల్లాలో 2017లో ఒక భర్త, నల్లగా ఉన్నావని రోజూ సతాయించి, తెల్లబడే మందు తెచ్చానని చెప్పి భార్య ఒంటికి ఏదో రసాయనం పూసి నిప్పంటించాడు. ఆమె చనిపోయింది. 2025 ఆగస్టులో అక్కడి సెషన్స్ కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. ఉరిశిక్షలను నేను సమర్థించను. నాకు మనసులో నిలిచిపోయింది శిక్ష కాదు. మందు అనగానే ఆమె పూయించుకుంది. వాసన తేడాగా ఉందని చెప్పి కూడా పూయించుకుంది.

పెద్ద చదువు, పదవి ఉంటే ఇది తప్పుతుందనుకుంటే అదీ కాదు. కేరళ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా ఉన్న శారదా మురళీధరన్ 2025 మార్చిలో తన నలుపు మీద పడిన వ్యాఖ్య గురించి బహిరంగంగా రాశారు. నాలుగేళ్ల వయసులో తల్లిని, నన్ను మళ్లీ కడుపులో పెట్టుకుని తెల్లగా కంటావా అని అడిగానని చెప్పారు. కువైట్ తల్లి బిడ్డ గుర్తొచ్చింది నాకు.

మరి ఆ పిల్లకు ఏం చెప్పాను? పీల్ వద్దన్నాను. పలచబడిన చర్మం మీద ఆమ్లం పడితే ఇంకా ముదురుతుందని డాక్టరమ్మ కూడా అంది. కానీ ‘వద్దు’ అని చెప్పి వదిలేసే పాత పద్ధతి వద్దనుకుని, నా సీసానూ ఆమె డబ్బానూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. సీసా మీద ఏమేముందో, ఎవరు చేశారో, ఎప్పటిదాకా వాడవచ్చో ఉంది. ఆమె డబ్బా మీద ఒక తెల్లటి అమ్మాయి బొమ్మ, అరబ్బీ, ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఏమేం కలిపారో లేదు. బయటి దేశం నుంచి తెచ్చి ఇక్కడ అమ్మే ప్రతి సౌందర్య సాధనం మీద దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అదే డబ్బా మన ఊరి దుకాణంలో కూడా దొరుకుతుందని ఆమె చెబితే పోయి చూశాను, దాని మీదా అవి లేవు. ఇంకో సంగతి. పొట్లం మీద వివరాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉంటే చాలునని తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. తెలుగు ఇష్టముంటే వేసుకోవచ్చు, వేసి తీరాలని లేదు. ‘ఎండలోకి పోవద్దు’ అనే ఒక్క ముక్క తెలుగులో, కంటికి కనబడే అక్షరాల్లో ఉండాలని అడగడానికి మనకు ఏ సిద్ధాంత చర్చా అక్కరలేదు. 1990లలో అందాల పోటీల మీద అంత రాసిన మనం దీని మీద ఒక్క అర్జీ రాయలేదు.

ఆమె డబ్బా మానేసి ఇప్పటికి నాలుగు నెలలు. మొదటి నెల నరకం చూసింది, రాత్రుళ్లు తడిగుడ్డ ముఖం మీద వేసుకుని కూర్చునేది. ఇప్పుడు మంట తగ్గింది, ఎర్రదారాలు అట్లాగే ఉన్నాయి, పాత రంగు వచ్చేసింది. సంబంధం మాట ప్రస్తుతానికి లేదు. తల్లి ఒక శుక్రవారం నాకు ఫోను చేసి ఏడ్చింది. ‘మా మేడమ్ కూతురు కూడా అదే పూసుకుంటాదక్కా, నాకేం తెలుసు’ అంది. ఆ ఇంట్లో పిల్లను కూడా మానిపించమని చెప్పాను, తనది అంత మాట చెప్పగలిగే స్థానం కాదంది.

పోయిన నెల నుంచి కుట్టు క్లాసు పిల్లలకూ, పొదుపు సంఘాల వాళ్లకూ ఒక మాట చెప్పాం, మీ ఇంట్లో ఉన్న డబ్బా తెచ్చి చూపించండి, ఎవరినీ ఏమీ అనము అని. మొదటి వారం ఒక్కటీ రాలేదు. నేను నా పీల్ సీసా, నా చెంప మీది మచ్చ చూపించిన తర్వాత కొంగుల్లో దాచుకుని తేవడం మొదలుపెట్టారు. ఇప్పటికి పదకొండు వచ్చాయి. ఏడింటి మీద దిగుమతి చేసినవాళ్ల పేరు లేదు. రెండింటికి అసలు మూత మీద కాగితమే లేదు. ఒకటి మా సంఘం కోశాధికారి ఇంటిది. అన్నిటినీ రాసుకుని, దుకాణాల్లో కొన్నవాటిని వేరుచేసి, డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఇవ్వవలసిన ఫిర్యాదు తయారుచేస్తున్నాం. మీ దగ్గర కూడా ఇట్లాంటి డబ్బాలు పోగైతే వాటి మీద ఏముందో, ఏం లేదో రాసి మాకు పంపండి, ఒకే అర్జీగా ఇద్దాం.